బుధవారం సాయంత్రపు ఖాళీ తరగతి

ఫిబ్రవరి 9, ఆదివారం ఉదయం.

అమ్మాయికి అమ్మ ఆశీస్సులు. అల్లుడుగారికి కూడా నా మాటగా చెప్పు.

ఇక్కడ నేనూ నీ కూతురు పిచ్చుకా క్షేమం. క్షేమమంటే జ్వరాలూ దగ్గులూ లేవని మాత్రమే అర్థం చేసుకో. మిగిలింది కింద వివరంగా రాస్తున్నాను. మీరిద్దరూ, నువ్వు కట్టిస్తున్న ఆ వంతెనా క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమెందుకు అంటావు. ఫోనులో నేను ఒక వాక్యం ముగించేలోపు నువ్వు రెండు మొదలుపెడతావు. కాగితం మీద నన్నెవరూ ఆపలేరు. ఇప్పుడే ఎందుకంటే, వచ్చే శుక్రవారంలోగా పిచ్చుక తన బడికి 'ఉంటాను' అనో 'వెళ్తాను' అనో రాసి ఇవ్వాలి. నగరపాలక బడుల్లో మొదటి ఏడాది కొత్త టీచర్లందరినీ ఇలాగే అడుగుతారట. ఉంటానంటే మరి మూడేళ్లు కట్టుబడాలి. ఆ కాగితం వారం రోజులుగా గోడ గడియారం కింద ఉంది. దాన్ని తాకకుండా దుమ్ము దులుపుతున్నాను.

నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకు వరుసగా జవాబులు. పిల్ల భోజనం చేస్తోందా అని అడిగావు. చేస్తోంది, కానీ కంచంలో ఏముందో అడిగితే చెప్పలేదు. నా మోకాలు నా మాట వినడం మానేసింది, నేను దాని మాట వినడం మానేశాను, ఇద్దరం సమానం. ఇక అల్లుడుగారి స్నేహితుడి బీమా ఆఫీసులో ఉద్యోగానికి జవాబు ఇచ్చిందా అని అడిగావు. ఇవ్వలేదు. "ఆ బడిలో దానికి ఎవరి సాయం ఉంది? ముప్పై ఎనిమిది మంది పిల్లల్ని అప్పజెప్పి తలుపు వేసేస్తారు, అంతేగా? అక్కడ ఎదుగుదల ఏముంది?" అని కూడా రాశావు. ఈ ప్రశ్న దగ్గర కాసేపు కూర్చోవాలి. పోయిన వారం వరకూ నాదీ అదే ప్రశ్న.

నీకు రాయనిది ఒకటుంది. రెండు నెలలుగా పిచ్చుక బడి నుంచి వచ్చీ రాగానే స్నానాలగదిలో దూరి కుళాయి తిప్పుతుంది. నీళ్ల చప్పుడులో ఏడుపు వినపడదని దాని నమ్మకం. నిన్ను కన్నదాన్ని, నాకు వినపడకపోవడమేమిటి? పెళ్లికి ముందు నువ్వూ ఇదే కుళాయి తిప్పేదానివి. ఆగకుండా కబుర్లు చెబుతుందని దానికి పిచ్చుక అని పేరు పెట్టింది నువ్వు. ఇప్పుడు ఇంట్లో నా మాటలు నాకే వినపడుతున్నాయి.

బుధవారం అది కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్లింది. ఇచ్చి వద్దామని మధ్యాహ్నం బడికి బయలుదేరాను.

బడి మూడంతస్తులు. ఒకవైపు బస్సు డిపో, రెండోవైపు అచ్చాఫీసు. మెట్లు మధ్యలో అరిగి గిన్నెల్లా ఉన్నాయి. వరండాలో సుద్దపొడి వాసన, తడిగుడ్డ వాసన. నేను ఇంకా చిరాకు పడటానికి ఏమైనా దొరుకుతుందా అని చూస్తూ నడుస్తుంటే ఒక విచిత్రం కనబడింది. ప్రతి తరగతి తలుపు పక్కనా ఒక మేకు, దానికి ఒక మడత కుర్చీ వేలాడుతోంది. ఊడ్చే ఆయన్ని అడిగాను.

"అది పక్క టీచరు కోసమండీ," అన్నాడు. "పీరియడ్ ఖాళీ ఉన్నవాళ్లు ఎవరైనా ఆ కుర్చీ తీసుకుని లోపలికెళ్లి వెనకాల కూర్చోవచ్చు. అడగక్కర్లేదు."

"లోపలున్న టీచరుకి కోపం రాదూ?"

"మొదట్లో నా చీపురు మీద కూడా కోపపడేవాళ్లండీ. ఇప్పుడు ఎవరూ రాకపోతే, ఏమయ్యారంతా అని వాళ్లే అడుగుతారు."

ఆ కుర్చీకి ఒక నియమం ఉందని తర్వాత తెలిసింది. బయటికి వచ్చాక 'నీ గొంతు చిన్నది, నీ రాత వంకర' అని టీచరు గురించి ఒక్క ముక్క అనకూడదు. పిల్లలు ఏం చేశారో అది మాత్రమే చెప్పాలి. 'కిటికీ పక్క బెంచీలో ఇద్దరు మూడో లెక్క దగ్గర ఆగిపోయారు' అనాలి, అంతే. నేను నీటి సరఫరా ఆఫీసులో పద్దులు రాసినన్నాళ్లూ పైఅధికారి నా వెనక నిలబడితే చేతికి చెమట పట్టేది. వెనక కూర్చున్న మనిషి సాయంగా కూర్చుంటాడని నాకు ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

హెడ్మిస్ట్రెస్ గది నుంచి బయటికి వచ్చేసరికి పిల్లలు వెళ్లిపోయారు. ఆవిడ నాతోపాటే నడుస్తూ, "ఇవాళ సైన్సు టీచరు సెలవు. మాకు ఒక పిల్ల తక్కువైంది. కాస్త కూర్చుంటారా?" అన్నారు.

"నేను కళ్లజోడు ఇవ్వడానికి వచ్చాను."

"కూర్చుని ఇవ్వండి," అన్నారు.

అమ్మాయీ, ఇప్పుడు రాయబోయేది నా కళ్లతో చూశాను కాబట్టి రాస్తున్నాను. ఖాళీ తరగతిలో అరడజను మంది పెద్దవాళ్లు పిల్లల కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. డ్రిల్ మాస్టారి మోకాళ్లు ఆయన చెవుల దగ్గరున్నాయి. ప్రతి బుధవారం ఇలా చేస్తారట. మర్నాటి పాఠాన్ని ఒక టీచరు ముందుగా వీళ్లకు చెబుతుంది. వీళ్లు పెద్దవాళ్లలా కాదు, ఆ తరగతి పిల్లల్లాగే ఉండాలి. అది ఆషామాషీ నటన కాదు. డ్రాయింగ్ టీచరు, కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరిపే పిల్లయింది. డ్రిల్ మాస్టారు, లెక్కలో సున్నా కనబడగానే మంచినీళ్లకు వెళ్తాననే పిల్లాడయ్యాడు. ఏ బిడ్డ ఎక్కడ తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో, తడబడ్డాక ముఖం ఎటు తిప్పుకుంటుందో అన్నీ ముందే గమనించి పెట్టుకున్నారు. మా ఆఫీసులో తప్పు కనబడితే ఎర్రసిరా గీత పడేది. ఒక తప్పుని ఇంత శ్రద్ధగా, అతిథిని చూసుకున్నట్టు చూసుకునే మనుషుల్ని నేనెక్కడా ఎరగను.

ఇదంతా నడిపించే పెద్దాయన్ని బస్సు మాస్టారు అంటారు. నగరంలోని బళ్లన్నిటికీ సిటీ బస్సుల్లో తిరుగుతూ కొత్త టీచర్లకు తోడుంటాడు. సంచినిండా పుల్లల కట్టలు. కండక్టర్లు సంచీకి కూడా టికెట్టు కొట్టమంటారట. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా చెప్పాడు.

"అమ్మగారూ, మీరు మూడో వరుసలో పిల్ల. నాలుగు వందల రెండులోంచి నూట డెబ్బై ఎనిమిది తియ్యమంటే, మూడు వందల డెబ్బై ఆరు అనాలి."

"అది తప్పు."

"అవునండీ, తప్పే."

"తప్పని తెలిసి ఎందుకు చెప్పాలి?"

"సగం క్లాసు అదే చెబుతోంది కాబట్టి. రెండులోంచి ఎనిమిది పోదు కదా, అందుకని ఎనిమిదిలోంచే రెండు తీసేస్తారు. ఏడులోంచి సున్నా తీసేస్తారు. ఎక్కడ పెద్దది కనబడితే అక్కడ్నించి చిన్నది తీస్తారు. వాళ్ల లెక్కకి వాళ్ల న్యాయం ఉంది. టీచరమ్మ వారం నుంచి దీని మీదే తల బద్దలు కొట్టుకుంటోంది."

ఇంతలో పిచ్చుక లోపలికి వచ్చి నన్ను చూసింది. "అమ్మమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"ఇక్కడ అమ్మమ్మలెవరూ లేరు టీచర్," అన్నాడు డ్రిల్ మాస్టారు. "నేను మంచినీళ్లకి వెళ్లొచ్చా?"

పిచ్చుక ముఖం ఒక్క క్షణం నీ చిన్నప్పటి ముఖమైంది. తర్వాత సర్దుకుంది. బోర్డు మీద లెక్క వేసింది. ఒకరి తర్వాత ఒకరు తప్పులు చెబుతున్నారు. నా వంతు వచ్చింది. "మూడో వరుసలో, నువ్వు చెప్పమ్మా. ఎంత?"

లేచాను. మూడు వందల డెబ్బై ఆరు అనడానికి నోరు తెరిచాను. నాలుక తిరగలేదు అమ్మాయీ. ఎవరి ప్రాణం పోతుందన్నా నేను తప్పు అంకెను పైకి చదవలేను.

"రెండు వందల ఇరవై నాలుగు," అన్నాను.

బస్సు మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. డ్రాయింగ్ టీచరు లేచి, "టీచర్, ఈ కొత్తపిల్ల ఇంటి దగ్గర చెప్పించుకుని వచ్చింది!" అంది. అందరూ ఒకటే నవ్వు. పిచ్చుక మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

"కరెక్టే. రెండులోంచి ఎనిమిది ఎలా తీశావు?"

"పక్కన అప్పు తెచ్చాను."

"పక్కనున్నది సున్నా. దాని దగ్గర ఏముందని ఇచ్చింది?"

"అది దాని పక్కన తెచ్చుకుని, అందులోంచి నాకు ఇచ్చింది."

"నువ్వు తెచ్చుకున్నది ఒకటి. రెండుకి ఒకటి చేరితే మూడు అవ్వాలి కదా. పన్నెండు ఎలా అయింది?"

"అప్పు తెస్తే పది అవుతుంది."

"ఎందుకు?"

చిన్నప్పుడు మా మాస్టారు 'పక్కన అప్పు తే' అన్నారు, తెచ్చాను. నగరం మొత్తం తాగిన నీళ్ల పద్దు అలాగే తేల్చాను, ఎక్కడా పైసా తేడా రాలేదు. ఒకటి తెస్తే పది ఎందుకైందని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. నేను నటించడం లేదని అందరికీ తెలిసిపోయింది.

పిచ్చుక నా బల్ల మీద పుల్లలు పెట్టింది. వందేసి పుల్లలున్న పెద్ద కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు. "ఎనిమిది ఇవ్వు," అంది. విడిగా రెండే ఉన్నాయి. "ఇవన్నీ నీవే. నీకేం కావాలో అది చేసుకో," అని పక్కన నిలబడింది. తొందరపెట్టలేదు. నేను ఒక పెద్ద కట్టకున్న రబ్బరు బ్యాండు తీశాను. లోపల పదేసి పుల్లల చిన్న కట్టలు పది దొర్లాయి. అందులో ఒకటి విప్పాను. పది పుల్లలు చేతిలో పడ్డాయి, రెండుతో కలిపి పన్నెండు.

"ఎవరి దగ్గరైనా తెచ్చావా?" అంది.

"లేదు."

"పుల్లలు ఏమైనా పెరిగాయా? తగ్గాయా?"

"లేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి. కట్ట విప్పాను, అంతే."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. రోజూ నడిచే ఇంట్లో ఎప్పుడూ తెరవని గది తలుపు తెరుచుకుని, లోపల దీపం వెలుగుతున్నట్టుంది. ఆ తలుపు తీసింది, నేను జడ వేసి బడికి పంపిన పిల్ల. దానికి ఇరవై నాలుగేళ్లు.

బస్సు మాస్టారు లేచి, "రేపు ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టు టీచరమ్మా. ఒకటి తెస్తే పది ఎలా అయింది అని," అన్నాడు. ఆ తర్వాత కాఫీ కూడా తాగకుండా చర్చ. ఏ కట్ట ముందు ఇవ్వాలి, విప్పిన రబ్బరు బ్యాండ్లు ఎక్కడ వెయ్యాలి. "టీచరు గిన్నె పట్టుకుని వెంటనే వసూలు చెయ్యాలి, లేకపోతే యుద్ధమే," అన్నాడు డ్రిల్ మాస్టారు. ఒక్క తీసివేత కోసం అంతమంది పెద్దవాళ్లు! ఒక్కతే గదిలో తల బాదుకుంటోందనుకున్న పిల్ల వెనక ఇంతమంది నిలబడి ఉన్నారు.

నీ ఎదుగుదల ప్రశ్నకు కూడా అక్కడే జవాబు దొరికింది. మూడేళ్లు నిలబడినవాళ్లను బడి జీతంతోనే పెద్ద చదువుకు పంపుతారు. కావాలంటే వేరే బళ్లలో తరగతులు చూసి రావచ్చు, బస్సు మాస్టారిలా మరికొందరు కొత్తవాళ్లకు తోడుగా వెళ్లవచ్చు. కొత్తగా ఊరికి వచ్చి, బడి భాష రాని పిల్లలకు ఎలా నేర్పాలో చెప్పే వేసవి శిక్షణకు పిచ్చుక పేరు ఇప్పటికే అడిగారట. మనకు చెప్పలేదు. అన్ని బళ్లూ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకు. "సగం బళ్లలో ఆ కుర్చీకి బూజే," అని బస్సు మాస్టారే అన్నాడు. ఇక్కడ కూడా పిచ్చుక గదిలో ఫ్యాను తిరగదు, కప్పు కారుతుంది.

గురువారం అది ఇంటికి వచ్చి కుళాయి వైపు వెళ్లలేదు. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేసింది. దాని తరగతిలో ఎన్నడూ పెదవి విప్పని, బడి భాష రాని ఒక పిల్ల ఉందట, కట్ట విప్పగానే లేచి నిలబడి తన భాషలో ఏదో అరిచిందట. "ఏమందో తెలీదు అమ్మమ్మా, కానీ క్లాసంతటికీ అర్థమైంది!" అంది. చెప్పులు బయట విడవమని నేను అనలేదు. నాకు ఆ సంగతి గుర్తే లేదు.

ఇక్కడితో ఉత్తరం ఆపితే బాగుండును. ఆపలేను.

కళ్లజోడు సంగతి అబద్ధం. దాని బల్ల మీదున్న పాత కళ్లజోడు నేనే సంచిలో వేసుకున్నాను. పై పేజీ చింపి మళ్లీ రాయవచ్చు. కానీ పద్దులో తప్పు పడితే చెరపకూడదు, గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలని మాకు నేర్పారు. అందుకే దాన్ని అక్కడే ఉంచి, సరైనది ఇక్కడ రాస్తున్నాను. నేను వెళ్లింది హెడ్మిస్ట్రెస్ కోసం. ఆవిడ గదిలో కూర్చుని అన్న మాటలు ఇవి: "మా పిల్ల రోజూ ఏడుస్తోంది. ఈ పని దానికి సరిపడదు. అది తనంతట తాను మానదు, మొండిది. మీరే వద్దని చెప్పి పంపెయ్యండి."

దాన్ని తప్పించమని నేనే అడిగాను అమ్మాయీ. నీ మాట మీద కాదు, నా సొంత బుద్ధితో.

ఆవిడ కలం కింద పెట్టి విన్నారు. "నా మొదటి ఏడాది నేను స్టోరు గదిలో ఏడ్చేదాన్ని. తలుపు కొట్టినవాళ్లు లేరు. ఏడుస్తోందని చెప్పారు, చాలా మంచి పని చేశారు. దానికి నేను చెయ్యాల్సింది చేస్తాను. రెండోది మాత్రం చెయ్యను," అన్నారు. అన్నట్టే చేశారు. వారానికొకసారి వచ్చే బస్సు మాస్టారిని రోజూ మొదటి పీరియడుకి రమ్మన్నారు. పిచ్చుకకు వరండా కాపలా తీసేశారు. ఎదురుపడినప్పుడల్లా బాగున్నావా అని అడుగుతున్నారు.

పిచ్చుకకు ఇదంతా ఇంకోలా కనబడింది. నిన్న మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ, "నన్ను తీసేస్తారు అమ్మమ్మా," అంది. "రోజూ వచ్చి వెనక కూర్చుంటున్నారు. డ్యూటీ కూడా తీసేశారు. ఇంకా చెప్పాలా? వాళ్లు పొమ్మనేలోపు నేనే వెళ్తానని రాసిచ్చేస్తాను. అమ్మ చెప్పిన ఆఫీసుకే పోతాను."

కారణం తెలిసిన మనిషిని ఎదురుగానే ఉన్నాను. దుప్పటి రెండో కొస పట్టుకుని మడత పెట్టాను.

ఇప్పుడు అది నిద్ర లేచిన అలికిడి వినపడుతోంది. కలం ఇక్కడ ఆపుతున్నాను.

*

సాయంత్రం.

చెప్పేశాను. నీకు రాసిన మాటలే, ఒక్కటి తగ్గించకుండా.

"నన్ను ఫెయిల్ చెయ్యమన్నావా?" అంది.

"అవును."

"నువ్వు?"

"నేనే."

అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కుళాయి చప్పుడు లేదు, ఏ చప్పుడూ లేదు. భోజనం వేళ దాటాక బయటికి వచ్చి, నాకు దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఒక్కటి చెప్పు. ఒకటి పది ఎందుకవుతుందో బుధవారం నీకు నిజంగానే తెలియలేదా? లేక ఆవిడ దగ్గర అలా అని వచ్చావు కాబట్టి, నామీద జాలిపడి తెలియనట్టు నిలబడ్డావా?"

"నాకు తెలియలేదు," అన్నాను. "ఈ వయసు వరకూ తెలియలేదు. నువ్వు చెప్పాకే తెలిసింది."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎవరైనా నన్ను అలా, ఏ అంకె ఎక్కడ తప్పిందా అన్నట్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ చూడనిచ్చాను. తర్వాత గడియారం కింది కాగితం తీసి, నిలబడే, 'ఉంటాను' అని రాసి సంతకం పెట్టింది.

"ఇది నీకోసం కాదు," అంది.

"కాకూడదు కూడా," అన్నాను.

ఇక జరగవలసినవి:

1. బీమా ఆఫీసుకు మన పిల్ల రావడం లేదని అల్లుడుగారు రేపే, మర్యాదగా, చెప్పాలి. సాకులు అల్లవద్దు. ఉద్యోగం ఉంది కాబట్టి రావడం లేదని చెబితే చాలు.

2. నువ్వు పిచ్చుకకు ఫోను చేసి, పలకరించాక ఊరుకోవాలి. అది చెప్పేది చివరిదాకా వినాలి. కష్టమని తెలుసు. ప్రయత్నించు.

3. వేసవి శిక్షణ రోజుల్లో దాన్ని ఏ పెళ్లికీ పేరంటానికీ పిలవకూడదు.

4. హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి నేను మళ్లీ వెళ్లి, అడగకూడనిది అడిగానని ఒప్పుకోవాలి. ఈసారి పిచ్చుకకు చెప్పి వెళ్తాను.

5. అది నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఇందాక మంచినీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి వెళ్లిపోయింది. అది న్యాయమే. మా మధ్య రాయబారానికి ఎవరూ రావద్దు. ఎన్నాళ్లు పట్టినా అదే వచ్చి మాట్లాడుతుంది, నేను ఇక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ అందరి మేలు కోరే
అమ్మ